కెర్నెల్‌కు తన స్టాక్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ఒక ప్రోగ్రాము సిస్టమ్ కాల్ చేసినప్పుడు, లేదా అది నడుస్తూ ఉండగా ఏదో ఒక పరికరం నుంచి ఇంటరప్ట్ వచ్చినప్పుడు, ప్రాసెసర్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్ కోడ్‌లోని మొదటి ఆదేశం దగ్గరికి చేరుతుంది. ఆ క్షణంలో సాధారణ రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ అరల్లో) ఉండేవి చాలావరకు ఆ ప్రోగ్రాము వదిలిన విలువలే. అది వదిలిన స్టాక్ పాయింటరును (ఫంక్షన్లు తమ విలువలను పేర్చుకునే మెమరీ భాగమైన స్టాక్‌లో ప్రస్తుత చోటును చూపే రిజిస్టరును) కెర్నెల్ నమ్మడానికి వీల్లేదు: అది మెమరీలో లేని పేజీని చూపిస్తూ ఉండవచ్చు, కావాలనే కెర్నెల్ డేటా మీదికి గురిపెట్టి ఉండవచ్చు, లేదా ఆ ప్రోగ్రాము ఆ రిజిస్టరును మామూలు లెక్కలకు వాడుకుంటూ ఉండవచ్చు. ఆ విలువలను పోగొట్టకుండా దాచాలంటే కెర్నెల్‌కు సొంత స్టాక్ కావాలి. సొంత స్టాక్ అడ్రసు తెచ్చుకోవాలంటే కనీసం ఒక రిజిస్టరు ఖాళీగా దొరకాలి. రిజిస్టరు ఖాళీ చేయాలంటే అందులోని విలువను ముందు ఎక్కడో దాచాలి. ఈ చిక్కుముడిని ఒక్కో ప్రాసెసర్ కుటుంబం ఒక్కో తీరుగా విప్పింది. నమ్మదగిన మొదటి స్టాక్ పాయింటరును ఎవరు అందిస్తారన్న ఒక్క ప్రశ్నను పట్టుకుని చదివితే, కెర్నెల్ ఎంట్రీ కోడ్‌లో ఎందుకున్నాయో తెలియని చాలా వరసలకు కారణం దొరుకుతుంది.

ముందుగా కెర్నెల్ గుర్తుంచుకోవలసినవి ఏమిటో తేల్చుకోవాలి. లినక్స్ వంటి కెర్నెల్‌లో ప్రోగ్రాముల ప్రతి థ్రెడ్‌కూ (విడిగా నడిచే పనిధారకూ) రెండు స్టాక్‌లు ఉంటాయి: ఒకటి యూజర్ మోడ్‌లో వాడేది, రెండవది కెర్నెల్ మోడ్‌లో వాడేది. కెర్నెల్ స్టాక్ చాలా చిన్నది, దాని పరిమాణం పెరగదు. 64 బిట్ల ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కుటుంబం) లినక్స్‌లో అది ఒకప్పుడు 8 కిలోబైట్లు ఉండేది, 2014లో వచ్చిన 3.15 వెర్షన్ నుంచి 16 కిలోబైట్లు అయింది. థ్రెడ్ యూజర్ మోడ్‌లో నడుస్తున్నంతసేపూ దాని కెర్నెల్ స్టాక్ ఖాళీగా ఉంటుంది కాబట్టి, లోపలికి వచ్చేటప్పుడు ఎక్కించవలసిన విలువ ఎప్పుడూ ఒకటే, అంటే ఆ స్టాక్ పైకొస (చాలా ప్రాసెసర్లలో స్టాక్ పై అడ్రసు నుంచి కిందికి పెరుగుతుంది). అందుచేత ప్రతి థ్రెడ్‌కూ మూడు విలువలు కావాలి. మొదటిది ఎప్పటికీ మారని పైకొస. రెండవది లోపలికి వచ్చేటప్పటికి ఉన్న యూజర్ స్టాక్ పాయింటరు. మూడవది, కెర్నెల్ పని మధ్యలో ఆ థ్రెడ్‌ను పక్కన పెట్టి మరొకదాన్ని నడిపించినప్పుడు, ఆగిన చోటు చెప్పే కెర్నెల్ స్టాక్ పాయింటరు. నిద్రలో ఉన్న థ్రెడ్ ఎక్కడ ఆగిందో, అక్కడికి ఎలా చేరిందో ఆ మూడవ విలువ నుంచే బయటికి లాగవచ్చు.

హార్డ్‌వేరే ఒకటికి మించి స్టాక్ పాయింటర్లను పెట్టడం అన్నిటిలోకీ సూటి పద్ధతి. 1977 నాటి వ్యాక్స్‌లో ఐదు ఉండేవి: కెర్నెల్, ఎగ్జిక్యూటివ్, సూపర్‌వైజర్, యూజర్ అనే నాలుగు మోడ్‌లకు నాలుగు, ఇంటరప్ట్‌లకు మరొకటి. మోటరోలా 68000లో స్టాక్ పాయింటరైన ఏ7 రిజిస్టరుకు రెండు రూపాలు ఉండేవి, మోడ్ మారగానే ఒకటి వెనక్కి వెళ్లి రెండవది ముందుకు వచ్చేది. 32 బిట్ల ఆర్మ్‌లో ఈ ధోరణి ఇంకా ముదిరింది. ఇంటరప్ట్‌కు, వేగవంతమైన ఇంటరప్ట్‌కు, మెమరీ లోపానికి, తెలియని ఆదేశానికి, సూపర్‌వైజర్‌కు విడివిడిగా ఒక్కొక్క ఆర్13 (అక్కడి స్టాక్ పాయింటరు) ఉండేది. లినక్స్ మాత్రం అన్ని స్టాక్‌లను వాడదలచుకోలేదు. ఇంటరప్ట్ మోడ్‌లోకి రాగానే మూడంటే మూడు విలువలను ఆ మోడ్ తాలూకు చిన్న జాగాలో దాచి, వెంటనే సూపర్‌వైజర్ మోడ్‌కు మారి, అసలు పనంతా థ్రెడ్ కెర్నెల్ స్టాక్ మీదే చేస్తుంది. హార్డ్‌వేర్ ఎంత ఉదారంగా ఇచ్చినా కెర్నెల్‌కు కావలసింది థ్రెడ్‌కు ఒక స్టాక్ తప్ప మోడ్‌కు ఒక స్టాక్ కాదని అక్కడ తేలిపోయింది.

64 బిట్ల ఆర్మ్ రూపకర్తలు ఈ పాఠాన్ని బాగా గ్రహించారనిపిస్తుంది. అందులో ఒక్కో ఎక్సెప్షన్ స్థాయికి (అధికార స్థాయికి) ఒక్కో స్టాక్ పాయింటరు ఉంది. యూజర్ స్థాయి నుంచి కెర్నెల్ స్థాయికి రాగానే ప్రాసెసర్ తనంతట తానే ఎస్‌పీ-ఈఎల్1ను ముందుకు తెస్తుంది, మెమరీలో ఒక్క బైటు కూడా రాయదు. తిరిగి వెళ్లవలసిన అడ్రసునూ, ప్రాసెసర్ స్థితినీ రెండు ప్రత్యేక రిజిస్టర్లలో పెడుతుంది. కెర్నెల్ యూజర్ మోడ్‌కు తిరిగి వెళ్లేటప్పుడు తన ఫ్రేమును (దాచిన రిజిస్టర్ల విలువల కట్టను) స్టాక్ మీది నుంచి దించేస్తుంది కాబట్టి, ఎస్‌పీ-ఈఎల్1లో ఆ థ్రెడ్ కెర్నెల్ స్టాక్ పైకొస మిగిలి ఉంటుంది. పైకొసను ఎక్కడా విడిగా రాసిపెట్టుకోనక్కరలేదు. థ్రెడ్‌లు మార్చే చోట స్టాక్ పాయింటరు ఎలాగూ మారుతుంది, దానితో అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. ఇక యూజర్ స్టాక్ పాయింటరు ఎస్‌పీ-ఈఎల్0లో ఉంటుంది. లినక్స్ దాన్ని ఎంట్రీలో చదివి ఫ్రేములో దాచుకున్నాక, కెర్నెల్‌లో ఉన్నంతసేపూ ఆ రిజిస్టరుతో పని లేదు కాబట్టి, ప్రస్తుత థ్రెడ్ వివరాలు ఉండే టాస్క్ స్ట్రక్చరు అడ్రసును అందులో పెట్టుకుంటుంది. స్టాక్ కోసం పుట్టిన రిజిస్టరు ఇప్పుడు నడుస్తున్నది ఎవరో చెప్పే రిజిస్టరుగా మారడం నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చిన సంగతుల్లో ఒకటి.

ఇదే ఎంట్రీ కోడ్‌లో మరో చోట ఆగి చూడాలి. కెర్నెల్ స్టాక్ అడుగు దాటి పొంగిపోతే ఏం చేయాలి? స్టాక్ కింద కాపలా పేజీ పెట్టవచ్చు, దాన్ని తాకగానే ఎక్సెప్షన్ వస్తుంది, అంటే లోపం చూసుకొమ్మని ప్రాసెసర్ కెర్నెల్‌ను పిలుస్తుంది. కానీ ఆ ఎక్సెప్షన్ కూడా అదే పొంగిన స్టాక్ మీదికే వస్తుంది, రిజిస్టర్లు దాచబోయి మళ్లీ అదే పేజీని తాకుతుంది, అలా అంతులేకుండా సాగుతుంది. అందుకని లినక్స్ 16 కిలోబైట్ల స్టాక్‌ను 32 కిలోబైట్ల హద్దు మీద మొదలుపెడుతుంది. అప్పుడు స్టాక్ లోపలి ప్రతి అడ్రసులోనూ 14వ బిట్ (సున్నా నుంచి లెక్కిస్తే) సున్నా అవుతుంది, అడుగు దాటి కిందికి వెళ్లిన అడ్రసులో అది ఒకటి అవుతుంది. ఎంట్రీలో ఫ్రేముకు కావలసినంత స్టాక్ పాయింటరును తగ్గించి, ఆ ఒక్క బిట్‌ను పరీక్షిస్తే చాలు. అయితే బిట్ పరీక్షించే ఆదేశం స్టాక్ పాయింటరు మీద నేరుగా పనిచేయదు, దానికి సాధారణ రిజిస్టరు కావాలి, ఖాళీగా ఒక్కటీ లేదు.

కోడ్ రాసినవాళ్లు దీనికి కూడికలు, తీసివేతలతో దారి చూపారు. స్టాక్ పాయింటరు విలువ 1000, ఎక్స్0 రిజిస్టరులో ప్రోగ్రాము వదిలిన విలువ 7 అనుకుందాం. ఎక్స్0ను స్టాక్ పాయింటరుకు కలిపితే అది 1007 అవుతుంది. అందులోంచి ఎక్స్0ను తీసి ఎక్స్0లోనే వేస్తే ఎక్స్0 విలువ 1000, అంటే అసలు స్టాక్ పాయింటరు. ఇప్పుడు బిట్‌ను పరీక్షించవచ్చు. అంతా సవ్యంగా ఉంటే 1007లోంచి 1000 తీసి ఎక్స్0లో వేస్తే మళ్లీ 7 వస్తుంది, 1007లోంచి ఆ 7 తీసేస్తే స్టాక్ పాయింటరు మళ్లీ 1000 అవుతుంది. ఎక్కడా ఏదీ దాచలేదు, మెమరీని తాకలేదు, ఏ విలువా పోలేదు. మధ్యలో కొన్ని ఆదేశాల పాటు స్టాక్ పాయింటరులో అర్థం లేని అంకె ఉంటుంది గాని, ఆ సమయంలో ఇంటరప్ట్‌లు మూసి ఉంటాయి, స్టాక్‌ను ఎవరూ వాడరు కాబట్టి ప్రమాదం లేదు. పొంగినట్టు తేలితే ప్రతి ప్రాసెసర్‌కూ విడిగా కేటాయించిన అత్యవసర స్టాక్ మీదికి దూకి, కారణం ముద్రించి కెర్నెల్ ఆగిపోతుంది.

ఎక్స్86 దారి వేరు. అక్కడ స్టాక్ పాయింటరు ఒక్కటే. విలువ మార్చే బాధ్యత హార్డ్‌వేర్‌దే గాని, కొత్త విలువను అది మెమరీ నుంచి చదువుకుంటుంది. 80286 నుంచి వస్తున్న టీఎస్‌ఎస్ అనే నిర్మాణంలో ప్రతి అంతర్గత రింగ్‌కూ (అధికార స్థాయికీ) ఒక స్టాక్ పాయింటరు అర ఉంటుంది. యూజర్ కోడ్ నడిచే రింగ్ 3 నుంచి కెర్నెల్ నడిచే రింగ్ 0కు ఇంటరప్ట్ వస్తే ప్రాసెసర్ టీఎస్‌ఎస్‌లోని సున్నా అర నుంచి విలువను ఎక్కించి, పాత స్టాక్ పాయింటరునూ, తిరుగు అడ్రసునూ కొత్త స్టాక్ మీద తానే తోస్తుంది. తొలినాళ్లలో లినక్స్ ప్రతి టాస్క్‌కూ ఒక టీఎస్‌ఎస్ పెట్టి, టాస్క్ మార్పును కూడా హార్డ్‌వేర్ చేతే చేయించేది. తరవాత ప్రాసెసర్‌కు ఒకే టీఎస్‌ఎస్ ఉంచి, థ్రెడ్ మారిన ప్రతిసారీ సున్నా అరలో కొత్త పైకొసను రాసే పద్ధతికి వచ్చింది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ భద్రతా లోపం వెలుగులోకి వచ్చి, యూజర్‌కూ కెర్నెల్‌కూ పేజీ టేబుళ్లను (ఏ అడ్రసు మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టికలను) విడదీయవలసి వచ్చినప్పుడు 64 బిట్ల కెర్నెల్‌లో ఈ ఏర్పాటు మళ్లీ మారింది. ఇప్పుడు ఆ అర ప్రాసెసర్‌కు ఒకటిగా ఉన్న చిన్న ఎంట్రీ స్టాక్‌ను చూపిస్తుంది, అది థ్రెడ్‌తో పాటు మారదు. ఎంట్రీ కోడ్ పేజీ టేబుల్ మార్చాక ఫ్రేమును అక్కడి నుంచి థ్రెడ్ స్టాక్ మీదికి నకలు చేస్తుంది.

ఇది ఇంటరప్ట్‌ల కథ. సిస్టమ్ కాల్ వేగంగా సాగాలని 64 బిట్ల ఎక్స్86లో పెట్టిన సిస్‌కాల్ ఆదేశం స్టాక్ పాయింటరును అసలు ముట్టుకోదు. తిరుగు అడ్రసును ఆర్‌సీఎక్స్‌లోనూ, ఫ్లాగ్‌లను ఆర్11లోనూ పెట్టి, నేరుగా కెర్నెల్ కోడ్‌కు దూకుతుంది. అంటే ప్రాసెసర్ పూర్తి అధికారంతో నడుస్తూ ఉంటుంది, స్టాక్ పాయింటరైన ఆర్‌ఎస్‌పీలో మాత్రం యూజర్ పెట్టిన విలువే ఉంటుంది. లినక్స్ అక్కడ చేసే పని ఇలా ఉంటుంది: జీఎస్ అనే రిజిస్టరును మార్చే స్వాప్‌జీఎస్ ఆదేశంతో ఈ ప్రాసెసర్ సొంత డేటాకు దారి తెరుచుకుంటుంది; టీఎస్‌ఎస్‌లో రింగ్ 2 కోసం ఉన్న అరను ఎవరూ వాడరు కాబట్టి యూజర్ ఆర్‌ఎస్‌పీని తాత్కాలికంగా అందులో దాస్తుంది; పేజీ టేబుల్ మార్చడానికి ఒక రిజిస్టరు కావాలి, అప్పుడే ఖాళీ అయిన ఆర్‌ఎస్‌పీనే దానికి వాడుకుంటుంది; చివరికి ప్రస్తుత థ్రెడ్ పైకొసను ఆర్‌ఎస్‌పీలోకి తెచ్చుకుంటుంది. అంటే కొన్ని ఆదేశాల పాటు స్టాక్ పాయింటరులో ఉన్నది పేజీ టేబుల్‌కు సంబంధించిన విలువ, స్టాక్ అడ్రసే కాదు.

ఆ కొన్ని ఆదేశాల సందే ఎక్స్86 కెర్నెల్ రాసేవాళ్లను ఏళ్ల తరబడి వేధించింది. మామూలు ఇంటరప్ట్‌లను సిస్‌కాల్ సమయంలో మూసి ఉంచవచ్చు, కానీ ఎన్ఎంఐ అనే అత్యవసర ఇంటరప్ట్‌ను అలా మూయలేము. సరిగ్గా ఆ సందులో ఎన్ఎంఐ వస్తే, ప్రాసెసర్ అప్పటికే రింగ్ 0లో ఉంది కాబట్టి స్టాక్ మార్చదు, యూజర్ చూపించిన చోటే ఫ్రేమును తోసేస్తుంది. దీనికోసమే 64 బిట్ల టీఎస్‌ఎస్‌లో ఐఎస్‌టీ అనే ఏడు అదనపు అరలు వచ్చాయి. ఫలానా ఎక్సెప్షన్ ఏ స్థితి నుంచి వచ్చినా ఫలానా అరలోని స్టాక్ మీదికే వెళ్లాలని వాటితో శాసించవచ్చు. అయితే ఐఎస్‌టీ ప్రతిసారీ ఒకే అడ్రసు నుంచి మొదలుపెడుతుంది. ఒక ఎన్ఎంఐని చూసుకుంటుండగా మధ్యలో బ్రేక్‌పాయింట్ వంటి ఎక్సెప్షన్ వచ్చి, దాని ముగింపులో, ఆగిన చోటికి తిరిగి పంపే ఐరెట్ ఆదేశం నడిస్తే ఎన్ఎంఐలు మళ్లీ తెరుచుకుంటాయి. అప్పుడు వచ్చే రెండవ ఎన్ఎంఐ మొదటిదాని ఫ్రేము మీదే రాసేస్తుంది. లినక్స్‌లో ఎన్ఎంఐ ఎంట్రీ కోడ్ ఫ్రేమును రెండు మూడు నకళ్లు తీసి, తాను మళ్లీ ప్రవేశించానా అని పరీక్షించుకునే ఆ పొడవాటి భాగం ఉన్నది ఈ ఒక్క కారణం చేతనే.

తిరుగు ప్రయాణంలోనూ ఇలాంటి సందే ఉంది. సిస్‌కాల్ నుంచి యూజర్ మోడ్‌కు తిరిగి పంపే సిస్‌రెట్ ఆదేశానికి ముందే కెర్నెల్ యూజర్ ఆర్‌ఎస్‌పీని ఎక్కించేయాలి. తిరుగు అడ్రసు చెల్లని రూపంలో ఉంటే ఇంటెల్ ప్రాసెసర్లు ఆ లోపాన్ని ఇంకా రింగ్ 0లో ఉండగానే తెలుపుతాయి. అంటే యూజర్ ఎంచుకున్న అడ్రసు మీద కెర్నెల్ అధికారంతో ఎక్సెప్షన్ ఫ్రేము రాయబడుతుంది. యూజర్ అడ్రసుల హద్దుకు ఆనుకుని ఉన్న ఆఖరి పేజీ చివరన సిస్‌కాల్ ఆదేశం పెడితే తిరుగు అడ్రసు హద్దు దాటి చెల్లనిదవుతుంది. లినక్స్ దీన్ని 2006లోనే సరిదిద్దుకుంది. 2012లో ఇది భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2012-0217గా నమోదైనప్పుడు, దీని బారిన పడినవాటిలో జెన్ హైపర్‌వైజర్, ఫ్రీబీఎస్‌డీ, విండోస్ కూడా ఉన్నాయి. 2018లో వచ్చిన సీవీఈ-2018-8897 కూడా ఈ కుటుంబానిదే. స్టాక్ సెగ్మెంటును, స్టాక్ పాయింటరును ఒకదాని వెంట ఒకటి మార్చే వీలు కోసం, సెగ్మెంటును మార్చిన ఆదేశం తరవాత ఒక ఆదేశం పాటు ప్రాసెసర్ ఇంటరప్ట్‌లను, డీబగ్ ఎక్సెప్షన్‌ను ఆపుతుంది. ఆ తరవాతి ఆదేశం సిస్‌కాల్ అయితే, ఆగిన డీబగ్ ఎక్సెప్షన్ కెర్నెల్ మొదటి ఆదేశం దగ్గర, స్వాప్‌జీఎస్ ఇంకా జరగకముందే వచ్చి పడుతుంది. చాలా ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకేసారి దిద్దుబాటు విడుదల చేయవలసి వచ్చింది. ఈ మూడింటిలోనూ మూలం ఒకటే: అధికారం మారే క్షణమూ, స్టాక్ పాయింటరు మారే క్షణమూ వేరువేరు కావడం.

ఇంటెల్ ఫ్రెడ్ అనే కొత్త ఏర్పాటు ఈ రెండు క్షణాలనూ కలిపింది. ఫ్రెడ్ ఉన్న ప్రాసెసర్‌లో సిస్‌కాల్ కూడా మిగతా ఎక్సెప్షన్‌ల లాగే స్టాక్ మార్చి, ఫ్రేము తోసి, జీఎస్‌ను మార్చాకే కెర్నెల్‌లోకి వస్తుంది. ఐఎస్‌టీ స్థానంలో నాలుగు స్టాక్ స్థాయులు వచ్చాయి. అప్పటికే ఆ స్థాయి స్టాక్ మీద ఉంటే ప్రాసెసర్ మొదటికి పోకుండా ప్రస్తుత చోటు కిందినే కొనసాగిస్తుంది కాబట్టి పాత ఫ్రేము చెరిగిపోదు. లినక్స్ దీన్ని 2024లో 6.9 వెర్షన్‌లో చేర్చుకుంది. ఇందులో పైకొస మళ్లీ థ్రెడ్‌తో పాటు మారేదే అయింది, పైగా దాన్ని ఒక ఎంఎస్ఆర్‌లో (ప్రాసెసర్ అమరికలు ఉండే ప్రత్యేక రిజిస్టరులో) రాయాలి. ఆ రాత ఖరీదైనది కాబట్టి లినక్స్ దాన్ని యూజర్ మోడ్‌కు వెళ్లే ముందు, విలువ నిజంగా మారి ఉంటేనే చేస్తుంది.

32 బిట్ల ఎక్స్86 గురించి ఒక చిన్న మాట. కెర్నెల్‌లో ఉండగానే ఇంటరప్ట్ వస్తే ఆ ప్రాసెసర్ పాత స్టాక్ పాయింటరును తోయదు, ఫ్లాగ్‌లూ, కోడ్ సెగ్మెంటూ, తిరుగు అడ్రసూ మాత్రమే తోస్తుంది. కాబట్టి ఫ్రేములో స్టాక్ పాయింటరు ఉండవలసిన చోట ఉండేది అంతకుముందు స్టాక్ మీద ఉన్న వేరే ఏదో డేటా. ఆ చోటులోని విలువ పనికిరాదు గాని, ఆ చోటు అడ్రసే ఇంటరప్ట్‌కు ముందు ఉన్న స్టాక్ పాయింటరు! లినక్స్ చాలా ఏళ్లు ఆ లెక్కతోనే నెట్టుకొచ్చింది.

ఇక హార్డ్‌వేర్ ఏమీ చేయని కుటుంబాలు. రిస్క్-ఫైవ్‌లో స్టాక్ పాయింటరు అన్నది ఎక్స్2 రిజిస్టరుకు ఒప్పందం మీద ఇచ్చిన పాత్ర. ట్రాప్ (ఇంటరప్ట్, ఎక్సెప్షన్, సిస్టమ్ కాల్ అన్నిటికీ కలిపి అక్కడి పేరు) వచ్చినప్పుడు ప్రాసెసర్ స్టాక్ జోలికి పోదు. అది ఇచ్చే సాయమల్లా ఎస్‌స్క్రాచ్ అనే ఒక్క రిజిస్టరు, దాన్ని సాధారణ రిజిస్టరుతో ఒకే ఆదేశంలో మార్పిడి చేసే సౌకర్యం. యూజర్ మోడ్‌లో ఉన్నంతసేపూ లినక్స్ అందులో ప్రస్తుత టాస్క్ అడ్రసు ఉంచుతుంది, కెర్నెల్‌లో ఉన్నంతసేపూ సున్నా ఉంచుతుంది. ట్రాప్ రాగానే మొదటి ఆదేశం టీపీ అనే సాధారణ రిజిస్టరును ఎస్‌స్క్రాచ్‌తో మార్చుకుంటుంది. వచ్చినది సున్నా కాకపోతే మనం యూజర్ నుంచి వచ్చినట్టు, పైగా టాస్క్ అడ్రసు చేతిలో ఉన్నట్టు. యూజర్ స్టాక్ పాయింటరును టాస్క్‌లో దాచి, కెర్నెల్ పైకొసను అందులోంచే చదువుకోవచ్చు. సున్నా వస్తే మనం కెర్నెల్‌లోనే ఉన్నాం, స్టాక్ పాయింటరు ఇప్పటికే సరైనది. ఎవరి దగ్గరి నుంచి వచ్చామన్న ప్రశ్నకూ, స్టాక్ ఎక్కడన్న ప్రశ్నకూ ఒకే మార్పిడిలో జవాబు రావడం చూస్తే, నా మట్టుకు ఇంతకంటే శుభ్రమైన ఏర్పాటు కనబడలేదు.

మిప్స్ ఇదే పనికి కే0, కే1 అనే రెండు సాధారణ రిజిస్టర్లను కెర్నెల్‌కు రాసిచ్చింది; ఏ ఇంటరప్ట్ వచ్చినా వాటి విలువలు పోవచ్చు కాబట్టి యూజర్ ప్రోగ్రాములు వాటిని ముట్టుకోవు. ఐబీఎం ఎస్390 మరీ భిన్నం. 1964 నాటి సిస్టమ్ 360 వారసత్వంలో స్టాక్ అన్న భావనే హార్డ్‌వేర్‌కు లేదు. ఇంటరప్ట్ వస్తే పాత పీఎస్‌డబ్ల్యూను (ప్రాసెసర్ స్థితినీ, తరవాతి ఆదేశం అడ్రసునూ కలిపి ఉంచేదాన్ని) మెమరీ మొదట్లోని నిర్ణీత చోట దాచి, కొత్తదాన్ని మరో నిర్ణీత చోటు నుంచి ఎక్కిస్తుంది. ప్రతి ప్రాసెసర్‌కూ సున్నా అడ్రసు దగ్గర తనదైన 8 కిలోబైట్ల జాగా కనిపించేట్టు ప్రిఫిక్స్ రిజిస్టరు చూసుకుంటుంది. ఆ ప్రాసెసర్ ఆదేశాల్లో బేస్ రిజిస్టరుగా (అడ్రసు లెక్కకు మొదలుగా) సున్నాను పేర్కొంటే రిజిస్టరు లేనట్టే లెక్క కాబట్టి, ఒక్క రిజిస్టరునూ ఖాళీ చేయకుండానే మెమరీ మొదటి 4 కిలోబైట్లలోకి నేరుగా రాయవచ్చు. లినక్స్ రిజిస్టర్లను అక్కడే దాచి, అక్కడే ఉన్న కెర్నెల్ స్టాక్ అడ్రసును, స్టాక్ పాయింటరుగా వాడే ఆర్15లోకి తెచ్చుకుంటుంది. అరవై ఏళ్ల కిందటి నిర్ణయం ఈ చిక్కుముడిని పుట్టకుండానే ఆపిందన్నమాట.

లోపలికి రావడం తెలిసింది కాబట్టి ఇప్పుడు థ్రెడ్‌ల మార్పిడి చూద్దాం. ఎంట్రీతో పోలిస్తే ఇది ఆశ్చర్యం కలిగించేంత చిన్నది. ఎక్స్86లో పిలిచినవాడికి భద్రంగా తిరిగివ్వవలసిన ఆరు రిజిస్టర్లను ప్రస్తుత స్టాక్ మీద తోసి, ఆర్‌ఎస్‌పీని వెళ్లిపోతున్న టాస్క్‌లో రాసి, రాబోతున్న టాస్క్‌లోంచి ఆర్‌ఎస్‌పీని చదివి, ఆ ఆరింటినీ తిరిగి దించుకుంటుంది. చదివిన ఆ ఒక్క ఆదేశంతో నడుస్తున్న థ్రెడ్ మారిపోయినట్టే: దాని ముందు తోసినవి ఒక థ్రెడ్ విలువలు, దాని తరవాత దించేవి మరొక థ్రెడ్ ఎప్పుడో తోసినవి. 64 బిట్ల ఆర్మ్ లినక్స్, బోధన కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే ఆపరేటింగ్ సిస్టమ్ రిస్క్-ఫైవ్ రూపం స్టాక్ మీద తోయకుండా రిజిస్టర్లను ఒక నిర్మాణంలో దాస్తాయి. ఆ ఎక్స్‌వీ6లో అవి స్టాక్ పాయింటరుతో కలిపి పద్నాలుగు. కొత్తగా పుట్టిన థ్రెడ్ ఎన్నడూ ఆగి ఉండలేదు కాబట్టి, అది ఒకసారి ఆగి ఉన్నట్టు నమ్మించే ఫ్రేమును కెర్నెల్ దాని స్టాక్ మీద ముందుగానే పేర్చి, తిరుగు అడ్రసుగా ఫోర్క్ (కొత్త థ్రెడ్‌ను పుట్టించే పని) ముగింపు కోడ్‌ను పెడుతుంది.

స్టాక్ పాయింటరు ఇలా థ్రెడ్‌తో పాటే మారుతుంది కాబట్టి, అది థ్రెడ్ గుర్తింపు కూడా అవుతుంది. లినక్స్ చాలా కాలం ఈ వాస్తవాన్ని సొమ్ము చేసుకుంది: స్టాక్ అడుగున థ్రెడ్-ఇన్‌ఫో అనే నిర్మాణం ఉంచి, స్టాక్ పాయింటరు కింది బిట్లను సున్నా చేసి దాన్ని చేరుకునేది. అందులో యూజర్ అడ్రసు హద్దు వంటి సున్నితమైన విలువలు ఉండేవి, స్టాక్ పొంగితే మొదట చెరిగేవి అవే, దాడి చేసేవాడికి అంతకంటే ఏం కావాలి! 2016లో 4.9 వెర్షన్‌తో ఎక్స్86లో ఆ నిర్మాణాన్ని టాస్క్ స్ట్రక్చరులోకి తరలించి, స్టాక్‌లను కాపలా పేజీలతో వేరుగా మ్యాప్ చేయడం మొదలుపెట్టారు. ఆర్మ్ ఎస్‌పీ-ఈఎల్0ను ప్రస్తుత టాస్క్ కోసం వాడుకోవడం కూడా ఈ ధోరణిలోనిదే.

కొన్ని ప్రాసెసర్లలో స్టాక్ పాయింటరు ఒక్కటి తెలిస్తే సరిపోదు. స్పార్క్‌లో ఫంక్షన్ పిలుపుల రిజిస్టర్లు కిటికీలుగా ప్రాసెసర్ లోపలే ఉండిపోతాయి, స్టాక్ మీద వాటికి చోటు మాత్రమే కేటాయించి ఉంటుంది. మరొక థ్రెడ్‌కు మారే ముందు కిటికీలన్నిటినీ మెమరీలోకి దింపితే తప్ప స్టాక్‌లో ఉన్నది నిజం కాదు. 64 బిట్ల స్పార్క్‌లో స్టాక్ పాయింటరుకు 2047 కలిపితేనే అసలు అడ్రసు వస్తుంది. ఆ బేసి అంకె వల్ల, ఒక కిటికీని దింపేటప్పుడు అది 64 బిట్ల ఫ్రేమా, 32 బిట్లదా అన్నది చివరి బిట్ చూసి తేల్చవచ్చు. ఇటానియంలో రెండు స్టాక్‌లు ఎదురెదురుగా పెరిగేవి, రిజిస్టర్లది పైకీ, మెమరీది కిందికీ. 2024 జనవరిలో విడుదలైన 6.7తో లినక్స్ నుంచి అది వెళ్లిపోయింది. పీఏ-రిస్క్‌లో ఉన్న ఒక్క స్టాకే పైకి పెరుగుతుంది.

నిద్రిస్తున్న థ్రెడ్ ఎక్కడ ఆగిందో, ఎవరు ఎవరిని పిలిస్తే అక్కడికి చేరిందో చెప్పడం దాచిన స్టాక్ పాయింటరుతో చేసే మరో పని. పవర్‌పీసీలో ఇది సులువు. కొత్త ఫ్రేము తెరిచే ఆదేశమే పాత స్టాక్ పాయింటరును కొత్తదాని మొదట్లో రాస్తుంది కాబట్టి, ఏ క్షణంలో ఆపినా గొలుసు తెగి ఉండదు. ఎక్స్86లో అలాంటిది లేదు. ఫ్రేమ్ పాయింటరు కోసం ఒక రిజిస్టరును వదులుకుని, ప్రతి ఫంక్షన్ మొదట్లో రెండు ఆదేశాలు అదనంగా నడపాలి, లేకపోతే స్టాక్ పాయింటరు ప్రతి ఆదేశం దగ్గరా ఎంత జరిగి ఉంటుందో వేరే చోట రాసి పెట్టుకోవాలి. 2017లో లినక్స్ 4.14తో వచ్చిన ఓఆర్‌సీ అనే పద్ధతి రెండవ దారి పట్టింది. కెర్నెల్‌ను కంపైల్ చేసేటప్పుడే ఆబ్జ్‌టూల్ అనే సాధనం ప్రతి ఫంక్షన్‌నూ ఆదేశం వెంట ఆదేశంగా చదివి, ఫలానా అడ్రసు దగ్గర ఆగితే పిలిచినవాడి ఫ్రేము స్టాక్ పాయింటరుకు ఎన్ని బైట్ల దూరంలో ఉంటుందో పట్టికగా రాస్తుంది. నడిచే కోడ్ మీద భారం ఏమీ ఉండదు. ఎంట్రీ కోడ్‌లో చేతితో రాసిన అసెంబ్లీని మాత్రం ఆబ్జ్‌టూల్ తనంతట తాను అర్థం చేసుకోలేదు, అక్కడ స్టాక్ ఏ స్థితిలో ఉందో రాసినవాళ్లే సూచనలుగా చెప్పాలి.

ఇన్నాళ్లూ ఒక్క పాయింటరుతో నడిచిన ఈ వ్యవహారంలోకి ఇప్పుడు రెండవది వచ్చింది. ఎక్స్86లో ఫంక్షన్ పిలుపు తిరుగు అడ్రసును మామూలు స్టాక్ మీదా, ప్రోగ్రాము మామూలుగా రాయలేని షాడో స్టాక్ మీదా ఒకేసారి తోస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు రెండూ పోల్చి, తేడా ఉంటే ఎక్సెప్షన్ ఇస్తుంది. ఎక్స్86 యూజర్ ప్రోగ్రాములకు ఈ సౌకర్యం 2023లో లినక్స్ 6.6తోనూ, 64 బిట్ల ఆర్మ్‌కు 2025 జనవరిలో 6.13తోనూ వచ్చింది. కెర్నెల్ ఇప్పుడు థ్రెడ్‌ను మార్చినప్పుడు ఆ రెండవ పాయింటరును కూడా దాచి తేవాలి, కొత్త థ్రెడ్ పుట్టినప్పుడు దానికో షాడో స్టాక్ కేటాయించాలి. సిగ్నల్ (ఏదో జరిగిందని కెర్నెల్ ప్రోగ్రాముకు ఇచ్చే సూచన) పంపడం అన్నిటికంటే చిక్కు: యూజర్ స్టాక్ మీద సిగ్నల్ ఫ్రేమును పేర్చేటప్పుడు ఎక్స్86లో స్టాక్ పాయింటరు కింద ప్రోగ్రాము వాడుకునే 128 బైట్లను వదిలేసి పేర్చాలి, షాడో స్టాక్ మీద సిగ్నల్ ముగింపు కోడ్ అడ్రసును తోయాలి, అంతకుముందు ఆ పాయింటరు ఎక్కడుందో చెప్పే గుర్తును కూడా అక్కడే ఉంచాలి. సిగ్నల్ ముగిశాక ప్రోగ్రాము చెప్పిన విలువను కెర్నెల్ నమ్మదు, ఆ గుర్తును సరిచూసుకున్నాకే పాత షాడో స్టాక్ పాయింటరును తిరిగి పెడుతుంది.